గెలిచిన గుర్రానికి బరువు శిక్షా?

ఎల్.బి.నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నగరంలోకి వచ్చేవారికి మలక్‌పేట రేసుకోర్సు కొత్త కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1886లో, గుర్రపు పందేలు మౌలాలి నుంచి ఇక్కడికి మారాయి. కాని ఏ గుర్రం ఎంత బరువు మోయాలో ఎలా నిర్ణయిస్తారో తెలిసినవారు తక్కువ.

పాత పరుగులనుబట్టి ప్రతి గుర్రానికీ హ్యాండిక్యాపర్ అనే అధికారి రేటింగు ఇస్తాడు. హ్యాండిక్యాప్ పందెంలో రేటింగు ఎక్కువైనకొద్దీ బరువూ ఎక్కువే. జాకీ తేలికైతే ఆ లోటును సీసపు పలకలతో పూడుస్తారు. గెలిస్తే రేటింగు పెరుగుతుంది, వరుసగా ఓడితే తగ్గుతుంది. గుర్రాలన్నీ ఒక్కసారే గీత దాటాలన్నది ఈ లెక్క ఆశయం.

మరి గెలవడమే నేరమా? ఆస్ట్రేలియాలో ఫార్ లాప్ అనే గుర్రం 1930లో 62.5 కిలోలు మోసి మెల్బోర్న్ కప్పు గెలుచుకుంది. మరుసటి ఏడు దానిపై 68 కిలోలు మోపారు. ఎనిమిదో స్థానం దక్కింది.

బౌలింగ్ లీగుల్లోనూ హ్యాండిక్యాప్ ఉంది. అక్కడ బలవంతునిపై బరువు మోపరు, బలహీనునికి పిన్నులు కలుపుతారు. ఉదాహరణకు 200కు, ఆటగాని సగటుకు ఉన్న తేడాలో 90 శాతం ఇచ్చారనుకుందాం. సగటు 180 ఉన్నవానికి 18, సగటు 150 ఉన్నవానికి 45 పిన్నులు కలుస్తాయి. మొత్తాలు 198, 195. మంచి ఆటగానికి మూడు పిన్నుల మొగ్గు మిగిలింది. నూటికి నూరుపాళ్లూ ఇస్తే ఆ మొగ్గు కూడా ఉండదు. సాధన చేసినవానికి ఆ మాత్రమైనా మిగలడం న్యాయమనే చెప్పాలి.

అసలు చిక్కు మరొకటి. ఈరోజు కావాలని తక్కువ ఆడితే రేపు ఎక్కువ పిన్నులు వస్తాయి. ఈరోజు గుర్రాన్ని బిగపడితే రేపు బరువు తగ్గుతుంది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడమే లాభమన్నమాట! అందుకే గుర్రాన్ని పూర్తి శక్తితో పరుగెత్తించని జాకీపై స్టివార్డులు విచారణ జరిపి, తప్పు తేలితే సస్పెండు చేయవచ్చు.

గుర్రపు పందెం నైపుణ్యంతో కూడిన ఆటేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిజమే. కాని పాత ఫలితాలు చూసి ఇంటి ఖర్చుల డబ్బు పందెం కాసే చిరుద్యోగి నైపుణ్యం ఎందుకు పనికొస్తుంది, ఆ ఫలితాలే నిజం కాకపోతే? త్రాసు సరిగా ఉంటే చాలదు. నిన్నటి పరుగూ నిజమై ఉండాలి.