కొలను అంచున తుంగ: కాడే ఊపిరి గొట్టం

తోటలోని చిన్న కొలను అంచుకు మొక్క కావాలంటే నర్సరీల్లో తరచూ చూపించేది అంబ్రెల్లా పామ్. పేరులో పామ్ ఉన్నా అది తాటి జాతి కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక తుంగ. ఆ చోటును మన నేల తుంగకే ఇవ్వొచ్చు. ఉదాహరణకు సైపరస్ పాంగోరీ. పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్ ప్రాంతంలో మాదుర్ చాపలు అల్లేది దీని కాడలతోనే.

చూపుకు గడ్డిలా ఉన్నా తుంగ గడ్డి కాదు. కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడండి. గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. తుంగ కాడకు సాధారణంగా మూడు అంచులుంటాయి, లోపల మెత్తటి బెండు ఉంటుంది. మొక్క బతుకంతా ఆ బెండులోనే ఉంది.

నీట మునిగిన బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఉన్న కాస్తా సూక్ష్మజీవులు వాడేస్తాయి. పైనుంచి కొత్తది దిగడమా, మహా ఆలస్యం: ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10 వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అక్కడ మామూలు మొక్కల వేర్లు కుళ్లిపోతాయి. తుంగ మాత్రం గాలి దారిని తనలోనే పెట్టుకుంది. కాడ నుంచి వేరు కొన దాకా సన్నటి గాలి గదులుంటాయి. అలా దిగిన ఆక్సిజన్‌లో కొంత బురదలోకి జారి, అక్కడ కరిగివున్న ఇనుమును తుప్పుగా మారుస్తుంది. వేర్ల మీద కనిపించే ఎర్రటి పూత అదే. ఆ పలుచటి పొరలో చేరే బ్యాక్టీరియా, చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి. దాన్ని మొక్క పీల్చుకుంటుంది.

నాటడం తేలికే. వెడల్పాటి కుండీలో బంకమట్టి నింపి, వేరుదుంప ముక్క పెట్టి, మట్టి కదలకుండా పైన గులకరాళ్లు పరచాలి. మట్టిపై 5 నుంచి 10 సెంటీమీటర్ల నీరు నిలిచేలా, ఎండ తగిలే అంచున దించాలి. ఎరువు వేస్తే నాచుకే మేత. కుండీ లేకుండా నాటితే కొలనంతా పాకుతుంది.

ఏటా కోత తప్పదు. ఎండిన కాడలు నీటిలోనే కుళ్లితే, మొక్క పీల్చిన నత్రజని, భాస్వరం తిరిగి కొలనుకే చేరతాయి. అయితే నీటిమట్టానికి పైనే కోయాలి. నీటి కింద కోస్తే గాలి దారిలోకి నీరు చేరి, దుంపకు ఊపిరాడదు. వానలకు ముందు మరీ పొట్టిగా కోసినా అంతే, నీరు పెరిగి మోళ్లు మునుగుతాయి.

ఇక దోమల సంగతి. తుంగ గుబురైతే చేపలు లోపలికి దూరలేవు, దోమ లార్వాలకు అది మంచి దాపు. పలుచగా ఉంచితే అవే కాడలు తూనీగలకు పనికొస్తాయి. నీటిలో దోమ లార్వాలను తింటూ పెరిగిన తూనీగ పిల్లలు, రెక్కలు విప్పుకునే వేళ ఆ కాడలు పట్టుకునే పైకి ఎక్కుతాయి.