చీకటి పటములో బాటసారి

క్రొత్త ఊరికి చేరినవాడు మొట్టమొదట చేయు పని యేమి? నీరెక్కడ దొరకును, అంగడి యెక్కడ నున్నది, ఏ బాట యెటు పోవును అని నలుదిక్కులు చూచుట. ఊరు పెద్దదైనచో చూడవలసిన వీథులు పెక్కులు. నడచుటకు కాళ్లు రెండే. కావున ముందుగా ఏ వీథికి పోవలెనో నిర్ణయించుకొనక తప్పదు. ఈ నిర్ణయమును మనుష్యుడు తెలిసియు తెలియకయు చేయుచుండును. కంప్యూటరునకు మాత్రము దీనిని ఓనమాలనుండి నేర్పవలెను. అట్లు నేర్పు విధమును ఒక ఆట మూలముగా తెలిసికొందము.

1991వ సంవత్సరమున అమెరికా దేశములో సిడ్ మయర్, బ్రూస్ షెల్లీ అను ఇరువురు 'సివిలైజేషన్' అను కంప్యూటరు ఆటను రూపొందించిరి. ఆటగాడు క్రీ.పూ. 4000వ సంవత్సరమున ఒక చిన్న జాతికి నాయకుడై, పట్టణములు కట్టి, విద్యలు నేర్చి, ఆ జాతిని నాగరకతాపథమున నడిపించవలెను. ఈ ఆటను చూచి ఉత్సాహపడి, డెన్మార్కు దేశమందలి ఆర్హుస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ముగ్గురు అటువంటిదే యగు మరియొక ఆటను వ్రాసి 1996 జనవరిలో విడుదల చేసిరి. దాని పేరు 'ఫ్రీసివ్'. దాని ప్రోగ్రామును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. అందుచేత అది మన పరిశీలనకు మిక్కిలి అనువైనది.

ఆట మొదలగునప్పుడు పటమంతయు చీకటి కమ్మియుండును. చదరంగపు బల్లవలె గడులుగా విభజింపబడిన ఆ పటములో మనవారు నిలిచిన చోటును, దాని చుట్టుపట్లను మాత్రమే కనబడును. మిగిలిన నేల నల్లగా నుండును. అక్కడ పచ్చిక మైదానమున్నదో, కొండలున్నవో, సముద్రమున్నదో తెలియదు. తెలియనిదే పట్టణమెక్కడ కట్టుట? అందుచేత ఒక అన్వేషకుని పంపవలెను. అతడు అడుగు వేసినకొలది చీకటి తొలగి, నేల వెలుగులోనికి వచ్చును.

ఆ అన్వేషకుని ప్రతి మలుపునను ఆటగాడే నడిపింపవచ్చును. కాని పటము విశాలమైనది. ఒక్కొక్క గడికి ఒక్కొక్క ఆజ్ఞ నిచ్చుచుండిన విసుగు పుట్టును. అందుచేత 'నీవే తిరిగి చూచి రమ్ము' అను ఒక ఆజ్ఞను ఆటలో ఏర్పరచిరి. ఆ ఆజ్ఞ యిచ్చిన పిమ్మట అన్వేషకుని నడిపించు భారము ప్రోగ్రాముదే. అప్పుడు ప్రోగ్రాము మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలెను. పోదగిన చోట్లు ఏవి? అక్కడికి పోయిన లాభమెంత? పోవుటకు పట్టు శ్రమ యెంత?

మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. ఇదివరకు చూచిన నేల నడుమకు పోయి ప్రయోజనము లేదు. చూడని నేల నడుమకు ఒక్కసారిగా దుముకుటకు వీలులేదు. కావున పోదగినది తెలిసిన నేలయు తెలియని నేలయు కలియు ఎల్ల. చీకట్లో దీపము పట్టుకొని నడచువాడు వెలుగు అంచు వరకు పోయి, అక్కడనుండి మరికొంత ముందుకు చూచును గదా! 1997లో బ్రయన్ యమౌచి అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఇదే సూత్రమును నిజమైన యంత్రములకు చెప్పెను. తెలియని గదులలో తనంతట తాను తిరిగి పటము గీయవలసిన రోబోటు, తెలిసిన చోటికిని తెలియని చోటికిని నడిమి యెల్లకు పోవుచుండవలెనని ఆయన పద్ధతి.

ఎల్లపై నున్న గడులు ఎన్నియో యుండును. వానిలో దేనికి పోవలెను? ఇది రెండవ ప్రశ్న. ఏ గడిలో నిలిచిన ఎక్కువ చీకటి తొలగునో ఆ గడికి ఎక్కువ మార్కులు వేయవలెను. చూడవలసిన వస్తువులన్నియు సమానములు కావు. ఫ్రీసివ్ ఆటలో అచ్చటచ్చట చిన్న గుడిసెలుండును. వానిలో అడుగిడినవారికి ఒకప్పుడు బంగారము, ఒకప్పుడు క్రొత్త విద్య లభించును. ఒకప్పుడు అనాగరకులు మీదపడుటయు కలదు. అట్టి గుడిసె కనబడినచో ఆ గడికి మరికొన్ని మార్కులు కలుపవలెను.

మూడవ ప్రశ్న దూరమును గూర్చినది. ఆటలో మైదానము దాటుటకు ఒక పాలు శ్రమ, అడవికిని గుట్టకును రెండు పాళ్లు, పర్వతమునకు మూడు పాళ్లు పట్టును. కావున కంటికి దగ్గరగా నున్నదెల్ల కాలికి దగ్గర కాదు. ప్రోగ్రాము తాను నిలిచిన చోటినుండి ఒక్కొక్క గడికి పట్టు శ్రమను వరుసగా లెక్కించి, దూరము పెరిగినకొలది మార్కులను తగ్గించుచుండును. ఒక్క దినపు నడక పెరిగిన మార్కులు సగమగునని యనుకొందము. ఒక దినము నడచిన చేరదగిన గడినుండి క్రొత్తగా నాలుగు గడులు కనబడునవి. దాని విలువ నాలుగులో సగము, అనగా రెండు. మూడు దినములు నడువవలసిన మరియొక గడినుండి పండ్రెండు గడులు కనబడునవి. పండ్రెండు మూడుమార్లు సగమైన మిగులునది ఒకటిన్నర. కావున దగ్గరి గడియే మేలు. దూరపు గడినుండి ఇరువది గడులు కనబడినచో విలువ రెండున్నర యగును. అప్పుడు దూరమైనను పోవుటయే మేలు. ఇంటి గృహిణి అంగడికి పోవునప్పుడు వేయు లెక్కయు ఇట్టిదే గదా!

ఇంతవరకు చెప్పినది గణితము. ఇకమీదట చెప్పబోవునది గణితముకంటె కష్టమైనది.

ఒక ఉపాధ్యాయుడు పరీక్షకు ప్రశ్నపత్రమును కూర్చెననియు, ఆ తరగతిలో ఆయన కుమారుడే చదువుచున్నాడనియు అనుకొనుడు. సాయంకాలము కుమారుడు, 'నాయనా, ఏ పాఠము చదువుకొందును?' అని యడిగెను. తండ్రికి ప్రశ్నలన్నియు తెలియును. ఆయన ఏమి చెప్పవలెను? ప్రశ్నపత్రమును తాను చూడనివాడైనచో ఏమి చెప్పునో అదే చెప్పవలెను. తెలిసినదానిని తెలియనట్లు పక్కకు పెట్టి ఆలోచించుట యెంత కష్టమో మీరే యూహింపుడు.

ఫ్రీసివ్ ప్రోగ్రాముదియు సరిగా ఈ తండ్రి స్థితియే. ఆ ఆటలో సర్వరు అను ప్రధాన ప్రోగ్రాము పటము నంతటిని తానే కల్పించి దాచుకొనును. అన్వేషకుని నడిపించునదియు అదియే. ఏ గుడిసె యెక్కడ నున్నదో, ఏ చీకటి వెనుక సముద్రమున్నదో దానికి పూర్తిగా తెలియును. ఆ తెలివిని ఉపయోగించినచో అన్వేషకుడు ఒక్క అడుగైనను వృథా చేయడు. కాని అది అన్యాయము. అంతేకాదు, రహస్యము బయటపడుటకు మాట అక్కరలేదు; నడకయే చాలును. అన్వేషకుడు కారణము లేకయే చీకటిలోనికి ఒక వైపు తిరిగెనేని, చూచుచున్న ఆటగాడు 'అక్కడ ఏదో యున్నది' అని గ్రహించును. అట్లు తెలివిగల యొకడు అన్వేషకుని నడక చూచియే ఎదుటివాని గుట్టు తెలిసికొనగలడు. అప్పుడు ఆట ఆటగా నుండదు.

అందుచేత ఫ్రీసివ్ రచయితలు ఒక నియమము నేర్పరచిరి. చీకటి గడి నేలయో నీరో నిర్ణయించునప్పుడు ప్రోగ్రాము అసలు పటమును చూడరాదు. ఆటగానికి తెలిసిన ఇరుగుపొరుగు గడులను మాత్రమే చూచి ఊహింపవలెను. చదరపు గడుల పటములో ఒక గడికి ఎనిమిది పొరుగు గడులుండును. వానిలో ఏమియు తెలియనిచో నేల యగుటకు నూటికి ఏబది పాళ్లు అవకాశమని యెంచుకొనును. తెలిసిన పొరుగులలో ఐదు నేలయు, ఒకటి నీరును, తక్కిన రెండు తెలియనివియు అయినచో, నేల యగుటకు ఇంచుమించు డెబ్బదియైదు పాళ్లని యెంచుకొనును. ఇది మనుష్యుడు చేయు ఊహవంటిదే. చుట్టును పొలములున్న చోట దిబ్బ దాటినను పొలమే యుండునని మనము తలంతుము.

మనుష్యునితో పోటీగా ఆడు కంప్యూటరు జాతులకును ఆయా స్థాయిని బట్టి ఇట్టి కట్టుబాట్లు విధించిరి. కట్టుబాట్లు సడలించిన స్థాయి యొకటి కలదు. దానికి 'చీటింగ్', అనగా మోసము, అనియే పేరు పెట్టిరి. మోసమును మోసమనియే చెప్పి ముందుంచుట మెచ్చదగిన సంగతి. ఎదుటివాడు ఎట్టివాడో తెలిసియే ఆటగాడు రంగములో దిగును.

అన్వేషకుడు పాటింపవలసిన మర్యాదలు మరికొన్ని కలవు. సంధి చేసికొనిన పొరుగు రాజ్యపు ఎల్లలోనికి సైన్యమును పంపరాదు. పటము చూడవలెనను ఆతురతతో ఒడంబడికను మీరరాదు. పోదగిన చోటు ఏదియు మిగులనప్పుడు ఊరక తిరుగక నిలిచి, యజమాని ఆజ్ఞకై వేచియుండవలెను. ఆటగాడు తానే నడిపింప దలచినచో వెంటనే పగ్గములు వానికి అప్పగింపవలెను.

ఇట్లు నియమబద్ధుడైన అన్వేషకుడు ఒక్కొక్కప్పుడు పొరపడును. నేల యుండునని యూహించి నాలుగు దినములు నడచిపోయి, సముద్రపు ఒడ్డున నిలిచి, వచ్చిన దారినే మరలును. చూచువారికి అది తెలివితక్కువతనముగా తోచవచ్చును. కాని బాలబాలికలారా, ఆ వృథాప్రయాణమును మరియొకమారు ఆలోచింపుడు. అంతయు తెలిసిన ప్రోగ్రాము తన తెలివిని తాళము వేసి, మనకు తెలిసినంతమాత్రమే తానును తెలిసికొని, మనతోపాటు చీకటిలో నడచినది. దారి తప్పిన ఆ నాలుగు దినముల నడకయే అది న్యాయముగా ఆడినదనుటకు సాక్ష్యము.