ఆ కన్నం ఎవరిది?

మా అక్కావాళ్లు కూకట్‌పల్లిలో ఉంటారు. సెల్లారు, పైన ఐదంతస్తులు. అక్క ఫ్లాటు ఐదో అంతస్తులో. మొన్న వేసవిలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసింది. "ఒరేయ్, కారిడార్‌లో వైరు కాలిన వాసన వస్తోందిరా. పొగ కూడా కమ్ముతోంది. మంట మాత్రం ఎక్కడా కనపడట్లేదు."

"మెయిన్ ఆపమని వాచ్‌మన్‌కి చెప్పు. బావని తీసుకుని మెట్ల మీంచి దిగిపో. లిఫ్ట్ ఎక్కొద్దక్కా. 101కి ఫోన్ చేశారా?" అని అడుగుతూనే బండి తీశాను.

నేను చేరేసరికి ఫైరింజన్ వాళ్లు ఆర్పేశారు. సెల్లార్‌లో మీటర్ల ప్యానెల్ దగ్గర ఒక కేబుల్ జాయింటు కాలింది, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఒక్క విషయం నన్ను నిద్రపోనివ్వలేదు. మొదటి అంతస్తులో, రెండో అంతస్తులో వాసన తప్ప పొగ లేదట. ఐదో అంతస్తులో మనిషికి మనిషి కనపడలేదట. కాలింది సెల్లార్‌లో, ఊపిరాడనిది పైవాళ్లకి.

తెల్లారాక ఐదో అంతస్తులో ఎలక్ట్రికల్ షాఫ్ట్ తలుపు తీసి కిందికి చూశాను. టార్చి అక్కర్లేకపోయింది. అడుగున సెల్లార్ లైటు తిన్నగా కళ్లలో పడింది. ప్రతి అంతస్తు స్లాబులోనూ కేబుళ్ల కోసం అన్నం పళ్లెమంత కన్నం వదిలేశారు. రెండో అంతస్తు కన్నంలో ఒక పక్కన మాత్రం పాత పేపర్లు, సిమెంటు సంచి ముక్కలు కుక్కి ఉన్నాయి. మూడో అంతస్తులో ఎవరో సగం వరకే పసుపు రంగు పీయూ (పాలీయురేతేన్) ఫోమ్ కొట్టారు. దాన్ని కూడా పొడుచుకుంటూ ఇంటర్నెట్ వైర్లు మూడు పైకి పోయాయి. మా ఊళ్లో వంటింటి పొయ్యి మీద పొగగొట్టం ఎలా పనిచేసేదో, ఆ షాఫ్ట్ కూడా ఆ రాత్రి అలాగే పనిచేసింది. వేడి పొగ పైకి ఎగబాకి, పైన దారి లేక ఐదో అంతస్తు తలుపు సందుల్లోంచి బయటపడింది.

నేను 22 ఏళ్లుగా హైదరాబాద్‌లో ఈ కన్నాలు మూయించే పని చేస్తున్నాను. సైట్ల మీద దీన్ని ఫైర్ స్టాపింగ్ అంటాం. ఆస్పత్రులకి, ఐటీ టవర్లకి, హోటళ్లకి చేయించాను. మా అక్క ఉండే ఇంట్లో షాఫ్ట్ తలుపు తీసి చూడాలని మాత్రం పదేళ్లలో ఒక్కసారీ తోచలేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

అగ్గి గురించి మాట్లాడేటప్పుడు మనం గోడల గురించే మాట్లాడతాం. ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు వాటంతట అవే మంటని గంటల తరబడి ఆపగలవు. చిక్కంతా గోడకి మనం పెట్టిన కన్నాలతోనే. కేబుల్ కోసం ఒకటి, ఏసీ పైపు కోసం ఒకటి, డ్రైనేజీకి ఒకటి, తలుపు చుట్టూ సందు. సరిగ్గా మూయని ఒక్క కన్నముంటే రెండు గంటలు ఆపాల్సిన గోడ రెండు నిమిషాలు కూడా ఆపలేదు. షాఫ్టుల్లో కేబుళ్లు దాటే చోట ప్రతి అంతస్తులోనూ మంటనాపే పదార్థంతో మూయాలని మన 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగో భాగం స్పష్టంగా చెబుతోంది. స్లాబు ఎంతసేపు ఆపగలదో, ఆ మూత కూడా అంతసేపు ఆపాలి.

మూయడమంటే ఏదో ఒకటి కుక్కడం కాదని ప్రపంచానికి తెలిసొచ్చిన రోజు 1975 మార్చి 22. అమెరికాలో అలబామా రాష్ట్రం, బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రం. కంట్రోల్ రూము కింద కేబుళ్లన్నీ పరుచుకునే గది ఒకటుంది. అక్కడి నుంచి గోడ దాటి రియాక్టర్ భవనంలోకి కేబుళ్లు వెళ్తాయి. ఆ దాటే చోట గాలి లీకవుతోందేమోనని పనివాళ్లు చూస్తున్నారు. ఎలా చూస్తున్నారంటే, వెలిగించిన కొవ్వొత్తిని కన్నం దగ్గర పెట్టి, జ్వాల వంగితే లీకున్నట్టు. ఒక చోట రెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవున్న కన్నం దొరికింది. అందులో పాలీయురేతేన్ ఫోమ్ ముక్కలు కుక్కారు. మూసుకుందో లేదో చూద్దామని మళ్లీ కొవ్వొత్తి పెట్టారు. అవతలి భవనంలో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి జ్వాల కన్నంలోకి దూసుకుపోయింది. ఫోమ్ అంటుకుంది.

టార్చితో కొట్టి ఆర్పాలని చూశారు. ఆరలేదు. గోడ అవతలికి పాకి, దాదాపు 1600 కేబుళ్లని కాల్చింది. రియాక్టర్‌ని చల్లబరిచే పరికరాలు ఒక్కొక్కటే చేజారిపోయాయి. పక్క ఊరు ఏథెన్స్ నుంచి వచ్చిన ఫైర్ చీఫ్ నీళ్లు కొట్టమని చెబుతూనే ఉన్నాడు. కరెంటు కేబుళ్ల మీద నీళ్లేమిటని భయపడ్డారు. చివరికి సాయంత్రం నీళ్లు కొడితే మంట ఆరింది. మధ్యాహ్నం మొదలైంది ఏడు గంటలకి పైగా సాగింది. ప్రాణాలు పోలేదు గానీ రెండు రియాక్టర్లు ఏడాదికి పైగా మూతపడ్డాయి. అణు కేంద్రాల్లో అగ్ని రక్షణకి అమెరికా 1980లో తెచ్చిన గట్టి నిబంధనలకి మూలం ఆ కన్నమే.

ఇది చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. అక్కడ కన్నం తెరిచి లేదు, మూసే ఉంది. మూసిన సరుకే అంటుకుంది. మా అక్కావాళ్ల మూడో అంతస్తులో కొట్టిన పసుపు ఫోమ్ కూడా ఆ జాతిదే. కిటికీ ఫ్రేము చుట్టూ సందు పూడ్చడానికి మంచిది. మంట దారిలో పెడితే మేతే. బజారులో చవగ్గా, సులువుగా దొరుకుతుంది కాబట్టి సైట్ల మీద దాన్నే ఫైర్ సీల్ అని చెలామణి చేసేస్తుంటారు.

మరి అసలైన సీల్ ఏం చేస్తుంది? దీపావళికి పిల్లలు కాల్చే పాము బిళ్ల గుర్తుందా? గోరంత నల్ల బిళ్లకి అగ్గిపుల్ల చూపిస్తే మెలికలు తిరుగుతూ మూరెడు బూడిద పాము లేస్తుంది. మేం వాడే పట్టీలు కూడా వేడి తగిలితే అలాగే పొంగుతాయి. వీటిలో ఎక్కువగా వాడేది గ్రాఫైటు, అంటే పెన్సిల్ ముల్లులో ఉండేదే. పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల మధ్యకి ముందే ఆమ్లం ఎక్కిస్తారు. వేడి 200 డిగ్రీల దరిదాపులకి రాగానే అది ఆవిరై పొరల్ని విడదీస్తుంది. సన్నటి పట్టీ ఎన్నో రెట్లు ఉబ్బి, సందునంతా నింపేసి, గట్టి నల్లటి పొక్కులా నిలబడుతుంది. మొదటిసారి ల్యాబులో కళ్లారా చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అప్పటిదాకా దాన్ని మామూలు రబ్బరు పట్టీ అనుకుని గోడకి అతికిస్తూ వచ్చాను.

దీని గొప్పతనం ప్లాస్టిక్ పైపు దగ్గర తెలుస్తుంది. బాత్రూము నుంచి దిగే నాలుగంగుళాల పీవీసీ పైపు మంటకి కరిగి జారిపోతుంది. అప్పుడు స్లాబులో నాలుగంగుళాల కన్నం మిగులుతుంది. అందుకని స్లాబు అడుగున పైపు చుట్టూ ఇనుప పట్టాతో ఒక కాలర్ బిగిస్తాం, లోపల ఈ పొంగే సరుకుంటుంది. పైపు మెత్తబడే కొద్దీ అది లోపలికి ఉబ్బి, మెత్తటి పైపుని గొంతు పిసికినట్టు నలిపి దారి మూసేస్తుంది. కేబుళ్ల చుట్టూ అయితే రాతి ఉన్ని నింపి పైన మంటనాపే సీలెంట్ పూస్తాం. తరచూ వైర్లు మారే చోట చిన్న దిండ్లలాంటివి పేరుస్తాం. కావాలంటే తీసి మళ్లీ పెట్టొచ్చు.

ఈ సీళ్లని పరీక్షించే కొలిమిలో వేడి ఒక ప్రామాణిక పద్ధతిలో పెంచుతారు. అరగంటకి 842 డిగ్రీలు, గంటకి 945, రెండు గంటలకి 1049. అల్యూమినియం 660కే కరిగిపోతుందని గుర్తుంచుకోండి. ఇవతలివైపు ఏ సందు దగ్గరైనా ఒక దూది ముక్క పట్టుకుంటారు. దూది అంటుకుంటే ఆ సీల్ ఓడిపోయినట్టే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అగ్ని ప్రయోగశాలలో ఇలాంటి పరీక్షలు చేస్తారు. మీ బిల్డింగుకి సీల్ అమ్మేవాణ్ని అడగాల్సింది ధర ఒక్కటే కాదు, పరీక్ష కాగితం కూడా. ఏ గోడలో, ఎంత కన్నంలో, ఏ కేబుల్‌తో పరీక్షించారో అందులో ఉంటుంది.

కానీ పొంగే పట్టీకి ఒక లోటుంది. అది వేడికే లేస్తుంది. మా అక్క అంతస్తులోకి వచ్చిన పొగ అంత వేడిగా లేదు, మధ్యలోనే చల్లబడింది. చల్లబడినా చంపే శక్తి పోదు. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూములో మంటలు లేస్తే, పైన లాడ్జిలో ఉన్నవాళ్లు 8 మంది చనిపోయారు. ఆ పొగ మెట్ల దారినే పైకెక్కింది. ఆరు నెలలు తిరిగాయో లేదో, 2023 మార్చి 16న అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక పోయారు. 1980లో అమెరికా లాస్ వేగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటల్లో మంట కింద కేసినో అంతస్తులో రగిలింది. చనిపోయిన 85 మందిలో ఎక్కువ మంది పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు. పొగ షాఫ్టుల్లోంచి, మెట్లలోంచి, లిఫ్టు దారుల్లోంచి, భవనం కీళ్ల సందుల్లోంచి పైకి చేరింది.

అందుకే ఫైర్ డోరుకి రెండు రకాల సీళ్లుండాలి. వేడికి పొంగే పట్టీ ఒకటి, చల్లటి పొగని మొదటి నిమిషం నుంచే ఆపే కుచ్చో రబ్బరు రెక్కో ఇంకొకటి. తలుపుకీ ఫ్రేముకీ మధ్య సందు సుమారు మూడు మిల్లీమీటర్లు, అంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అంతకి మించి సందుంటే పట్టీ ఎంత పొంగినా చాలదు. తలుపు ఈడుస్తోందని కార్పెంటర్ అడుగున చిత్రిక పట్టేస్తాడు. పెయింటర్ పట్టీ మీదుగా రంగు కొట్టేస్తాడు, కుచ్చు గట్టిపడి పనికిరాకుండా పోతుంది. ఇవేవీ కాకపోయినా, గాలి రావాలని మెట్ల తలుపుకి పూలకుండీ అడ్డం పెట్టేస్తాం. తెరిచి ఉన్న ఫైర్ డోరుకి ఎంత ఖరీదైన సీల్ ఉన్నా లాభం లేదు.

ఇదంతా భవనాల సంగతి. వాహనాల సంగతికొస్తే లెక్క గంటల్లో ఉండదు, నిమిషాల్లో ఉంటుంది. విమానం ఇంజన్‌కీ మిగతా భాగానికీ మధ్య ఉండే అడ్డుగోడ, దానిలోంచి పోయే పైపుల సీళ్లు దాదాపు 1100 డిగ్రీల మంటని 15 నిమిషాలు ఆపాలి. బస్సుల్లో కూడా ఇంజన్ గదికీ ప్రయాణికులకీ మధ్య వేడినాపే అడ్డుగోడ ఉంటుంది. వైర్లు దాటే ప్రతి కన్నానికీ గ్రోమెట్, అంటే రబ్బరు ఉంగరం లాంటి మూత, ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు బాగానే ఉంటుంది. తర్వాత అదనపు లైట్లు, టీవీలు, చార్జింగు పాయింట్లు అంటూ షెడ్లో డ్రిల్లు పెట్టి కొత్త కన్నాలు పొడుస్తారు, వాటికి గ్రోమెట్ ఉండదు. 2013లో పాలెం దగ్గర బస్సు మంటల్లో 45 మంది పోయిన రోజు నేను మర్చిపోలేను. సీళ్లుంటే ఆ ప్రమాదం ఆగేదని అనను. ఇంధన ట్యాంకు పగిలాక ఏ సీలూ ఆపలేదు. నిద్రలో ఉన్న మనిషి లేచి, కిటికీ అద్దం పగలగొట్టుకుని దిగడానికి పట్టే రెండు మూడు నిమిషాలు చేతికి రావాలంటే మాత్రం ఆ అడ్డుగోడకి కన్నాలుండకూడదు.

ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీల్లో ఇంకో పని. ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్‌కి అంటుకోకుండా మధ్యలో అభ్రకం రేకులు పెడతారు. అవును, మన గూడూరు గనుల్లో తవ్విన అభ్రకం లాంటిదే. కార్ల బ్యాటరీ లోపల సెల్ చెలరేగితే మనుషులకి ప్రమాదం చేరడానికి కనీసం ఐదు నిమిషాల ముందు హెచ్చరిక రావాలని చైనా 2020లో నియమం పెట్టింది. 2022లో మన దగ్గర స్కూటర్లు వరసగా అంటుకున్నాక మన ప్రభుత్వం కూడా బ్యాటరీల భద్రతకి ఉన్న ఏఐఎస్-156 ప్రమాణాన్ని బిగించింది. స్కూటర్ బ్యాటరీ డబ్బా విప్పి, రిపేరు చేసి, మామూలు సిలికాన్‌తో అతికించి ఇచ్చే షాపులకి దయచేసి వెళ్లకండి.

మళ్లీ అక్కావాళ్ల అపార్ట్‌మెంటుకి వస్తాను. ఆ వారంలోనే ఇంటర్నెట్ అబ్బాయి కొత్త కనెక్షన్‌కి వచ్చాడు. "ఈ కన్నం ఎవరు కొట్టారు బాబూ?" అని అడిగాను. "నేను కాదన్నా, ఎప్పట్నుంచో ఉంది. నేను వైరు తోశానంతే" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఏసీ మెకానిక్ని అడిగినా, కేబుల్ టీవీ అతన్ని అడిగినా అదే మాట. పొడిచినవాడు వెళ్లిపోతాడు, కన్నం మిగిలిపోతుంది. దానికి సొంతదారు ఉండడు. నా అనుభవంలో సీళ్లు చెడింది నాసిరకం సరుకు వల్ల తక్కువ, ఇలా అనాథగా మిగిలిన కన్నాల వల్ల ఎక్కువ.

అసోసియేషన్ మీటింగులో నేను చెప్పింది రెండే మాటలు. షాఫ్ట్ తాళం వాచ్‌మన్ దగ్గరుండాలి. ఎవరు వైరు లాగినా పేరు, తేదీ, మూసిన కన్నం ఫొటో రిజిస్టర్‌లో ఎక్కాకే డబ్బులివ్వాలి. పాత ఫోమ్ పీకించి, పేపర్లు తీయించి, ఐదంతస్తుల షాఫ్ట్ సరిగ్గా మూయడానికి మా ఇద్దరు కుర్రాళ్లకి నాలుగు రోజులు పట్టింది. ప్రతి మూత పక్కనా తేదీ రాసిన లేబుల్ అతికించాం.

ఈ ఆదివారం మీ అపార్ట్‌మెంటులో పై అంతస్తు షాఫ్ట్ తలుపు ఎలక్ట్రీషియన్ చేత తీయించండి. చెయ్యి లోపల పెట్టకండి, కిందికి చూడండి చాలు. వెలుతురు కనపడితే పొగ కూడా వస్తుంది. సోమవారం మూయించండి.