శుక్రవారపు పఠనం: ఖతార్‌లో మతం, రాజ్యం, మాతృభాష

వారంలో ఏ రోజు ఆరాధనకు కేటాయించాలన్నది మతం ఒక్కటే తేల్చే విషయం కాదు. దానిలో రాజ్యానికీ సంస్కృతికీ కూడా పాలు ఉందని ఖతార్ స్పష్టంగా చూపిస్తుంది. అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు, ఆదివారం పనిదినం. అందువల్ల తెలుగువారితో సహా వలస క్రైస్తవులు ప్రధానంగా శుక్రవారమే ఆరాధనకు చేరుతారు. 2005లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం మొదటి అధికరణంలో ఇస్లాంను రాజ్యమతంగా ప్రకటించి, 50వ అధికరణంలో చట్టానికీ ప్రజా నైతికతకూ లోబడి ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చింది. కాని ముస్లింలలో ఇతర మత ప్రచారాన్ని చట్టం నిషేధించింది. దోహా శివార్లలోని మెసైమీర్‌లో, అప్పటి అమీర్ షేక్ హమద్ బిన్ ఖలీఫా ఇచ్చిన స్థలంలో, 2008లో తెరుచుకున్న క్యాథలిక్ చర్చికి బయటి నుంచి శిలువ కనిపించదు.

రాజ్యానికీ విశ్వాసానికీ మధ్య ఇలాంటి సర్దుబాటును లోకం మార్మన్లుగా ఎరిగిన సంఘం ముందే చవిచూసింది. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘం బైబిలుతో పాటు మార్మన్ గ్రంథాన్ని లేఖనంగా భావిస్తుంది. 1842లో స్మిత్ రాసిన విశ్వాస ప్రమాణాలు అందరి ఆరాధనా స్వేచ్ఛనూ కోరుతూనే, పాలకులకూ చట్టానికీ లోబడి ఉండాలని చెప్పాయి. అమెరికా ప్రభుత్వ ఒత్తిడి తీవ్రమైనప్పుడు, 1890లో, సంఘం బహుభార్యాత్వాన్ని విడిచిపెడుతున్నట్లు ప్రకటించింది. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు ఉన్న దేశాల్లోని సభ్యులు ఆ రోజును విశ్రాంతి దినంగా పాటించడంలోనూ చట్టానికి లోబడే ఆ దృష్టే కనిపిస్తుంది.

2019 నుంచి ఈ సంఘం ఆదివారపు కూడికను మూడు గంటల నుంచి రెండుకు తగ్గించి, వారానికి కొన్ని అధ్యాయాల చొప్పున ఇంట్లోనే కుటుంబం కలిసి చదివే పద్ధతిని ప్రోత్సహిస్తోంది. ఇంటి పఠనానికి ప్రాధాన్యం పెరిగినకొద్దీ మాతృభాషలోని గ్రంథానికి విలువ పెరుగుతుంది. తెలుగులో మార్మన్ గ్రంథానికి దారి హైదరాబాదులోనే పడింది. సమోవాలో ఈ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాదుకు వచ్చి బంధువులకు దీనిని పరిచయం చేశారు. ఎల్సీ తండ్రి, బాప్టిస్టు బోధకుడు పి. శ్రీనివాసం, గ్రంథాన్ని తెలుగులోకి అనువదించారు. 1982లో ఎంపిక భాగాలు, 2000లో సంపూర్ణ గ్రంథం వెలువడ్డాయి. 2012 మే 27న భారతదేశంలోనే మొదటి ‘స్టేక్’, అంటే అనేక స్థానిక సమాజాలను కలిపిన పాలనా విభాగం, హైదరాబాదులో ఏర్పడింది.

కాబట్టి సంస్కృతి, మతం, రాజకీయాల మధ్య సంబంధం తెలుసుకోగోరేవారు ఈ వారం రెండు చిన్న పాఠాలను పక్కపక్కనే చదవడం మేలు: ఒకటి ఖతార్ రాజ్యాంగపు 50వ అధికరణం, రెండవది 1842 నాటి విశ్వాస ప్రమాణాలు. మొదటిది రాజ్యం తరఫున, రెండవది విశ్వాసి తరఫున, స్వేచ్ఛకూ చట్టానికీ మధ్య హద్దు గీయడానికి ప్రయత్నిస్తాయి. ఆ హద్దు లోపల రోజు మారవచ్చు, శిలువ కనిపించకపోవచ్చు. ఇంటిల్లిపాదీ తమ భాషలో కలిసి చదువుకునే అలవాటు నిలిచినంతకాలం విశ్వాసమూ నిలుస్తుంది.