అంతర్వేది తీర్థం - కోనసీమ చిరుతిళ్ళు: పోషకవిలువలు, ఆహారపుటలవాట్లు

వ్యాససంగ్రహం:
సంప్రదాయ చిరుతిళ్ళన్నీ ఆరోగ్యకరమైనవేనన్న అభిప్రాయం సమాజంలో బలంగా ఉన్నది. అంతర్వేది తీర్థంలోనూ, కోనసీమ ఇళ్ళలోనూ కనిపించే కొన్ని చిరుతిళ్ళ ఆధారంగా ఆ అభిప్రాయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చిరుతిండి విలువ దినుసులలోనే గాక, దానిని తినే కాలంలోనూ, పరిమాణంలోనూ ఉన్నదని ఇందులో వివరించబడింది.

కీలకపదాలు: అంతర్వేది, తీర్థం, జీళ్ళు, చిమ్మిలి, తేగలు, పొట్టిక్కలు.

1. ఉపోద్ఘాతం:
వశిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలిసే చోట, సఖినేటిపల్లి మండలంలో అంతర్వేది క్షేత్రం ఉన్నది. ఇక్కడి లక్ష్మీనరసింహస్వామికి మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశినాడు రథోత్సవం జరుగుతాయి. ఇటువంటి ఉత్సవాలను గోదావరి జిల్లాలవారు ‘తీర్థం’ అని వ్యవహరిస్తారు. తీర్థానికి వెళ్ళినవారు జీళ్ళు, ఖర్జూరం కొని తెచ్చి, ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగువారికీ పంచిపెట్టడం ఇక్కడి ఆచారం. ఈ ఆచారానికీ, పోషణకూ గల సంబంధం గమనింపదగినది.

2. తీర్థపు తీపి:
బెల్లాన్ని ముదురుపాకం పట్టి, అది వేడిగా ఉండగానే పదేపదే సాగదీసి, ముక్కలుగా కోసి జీళ్ళు చేస్తారు. కొన్నింటికి నువ్వులు అద్దుతారు. బెల్లంలో ఇనుము వంటి ఖనిజాలు స్వల్పంగా ఉన్నమాట నిజమే. కాని 100 గ్రాముల బెల్లంలో సుమారు 85 గ్రాములు చక్కెరలే. అదనంగా చేర్చుకొనే చక్కెరల నుండి లభించే శక్తి, రోజువారీ శక్తిలో 10 శాతానికి మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో సూచించింది. రోజుకు 2,000 కిలోకేలరీలు తీసుకొనేవారికి ఇది 50 గ్రాములు. అనగా 60 గ్రాముల బెల్లంతోనే ఆ హద్దు పూర్తవుతుంది.

ఐనను తీర్థపు జీళ్ళు ఏటా కొద్దిరోజుల తిండి. పదిమందికి పంచితే ఒక్కొక్కరికి వచ్చేది రెండు మూడు ముక్కలే. పంపకమే ఇక్కడ పరిమాణాన్ని నియంత్రించింది.

3. పండుగ చిరుతిళ్ళు:
కార్తిక మాసంలో వచ్చే నాగులచవితినాడు చలిమిడి, చిమ్మిలి, వడపప్పు నైవేద్యంగా పెడతారు. చలిమిడి తడిబియ్యపు పిండి, బెల్లం కలిపినది. చిమ్మిలి నువ్వులు, బెల్లం కలిపి దంచినది. వడపప్పు నానబెట్టిన పెసరపప్పు. బియ్యంలోనూ, నువ్వులలోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పెసరపప్పులో అది ఎక్కువ. పెసరపప్పులో కొరవడిన మెథియొనిన్ నువ్వులలో సమృద్ధిగా ఉన్నది. ఒకదాని లోటును మరొకటి పూరించడం వలన మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది. 100 గ్రాముల పొట్టుతీయని నువ్వులలో 1,200 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. అయితే పొట్టులోని ఆక్సలేట్ల వలన అదంతా శరీరానికి అందదు.

సున్నుండలో కూడ ఈ రెండు పార్శ్వాలూ ఉన్నాయి. 25 గ్రాముల మినపపిండి, 25 గ్రాముల బెల్లం, తగిన నేతితో చేసిన ఉండలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 21 గ్రాముల చక్కెరలు ఉంటాయి.

4. తీపి అక్కరలేని చిరుతిళ్ళు:
తాటిటెంకలను పాతర వేస్తే వచ్చే మొలకలే తేగలు. వీటిని కాల్చిగాని, ఉడికించిగాని తింటారు. వీటిలో పిండిపదార్థం, పీచు ప్రధానం. నూనె, బెల్లం అవసరం లేదు. పనసాకులను పుల్లలతో కుట్టిన బుట్టలలో మినపపిండి, బియ్యపురవ్వ కలిపిన పిండిని పోసి ఆవిరిపై ఉడికించేవి పొట్టిక్కలు. పిండి పులియడం వలన ఖనిజాల శోషణను అడ్డగించే ఫైటేట్లు తగ్గుతాయి.

5. మారిన అలవాట్లు:
నేడు జీళ్ళు, అరిసెలు, సున్నుండలు, పూతరేకులు పొట్లాలలో ఏడాది పొడవునా లభిస్తున్నాయి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇది తయారీదారులకు మేలు చేసే పరిణామమే. కాని వంటకం మిగిలి, దానిని అదుపులో ఉంచిన తిథి, పంపకం తొలగిపోతే పండుగ తిండి నిత్యాహారమవుతుంది. మరోవైపు ఆకు కుట్టవలసిన పొట్టిక్క, పాతర వేయవలసిన తేగ శ్రమతో కూడినవి. తీరిక లేని ఇళ్ళలో ముందుగా తొలగిపోయేవి ఇవే. దేశంలో 20 ఏళ్ళు పైబడినవారిలో 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నదని 2023లో ప్రచురితమైన ఐ.సి.ఎం.ఆర్. - ఇండియాబ్ అధ్యయనం తెలిపింది. ఈ స్థితిలో ‘సంప్రదాయం’ అన్న పేరు ఒక్కటే ఆరోగ్యానికి హామీ కాజాలదు.

6. ముగింపు:
• నైవేద్యాలలోని ధాన్యం, పప్పు, నూనెగింజల కలయికకు పోషణపరమైన ప్రయోజనం ఉన్నది.
• బెల్లపు చిరుతిళ్ళకు పర్వదినమూ, పంపకమూ సహజమైన హద్దులుగా నిలిచాయి.
• నిత్యం తినదగినవి తేగలు, పొట్టిక్కలు వంటివి. పాఠశాలల, వసతిగృహాల ఆహారపట్టికలలో వీటికి చోటు కల్పించడం మేలు.
• చిరుతిళ్ళను పరిశోధించేవారు తయారీవిధానంతోపాటు ఎవరు, ఎప్పుడు, ఎంత తిన్నారన్న అంశాలను కూడ నమోదు చేయాలి. అప్పుడే ఆ తిండి పూర్తి విలువ తెలుస్తుంది.