పిడుదులో బ్యాక్టీరియా: పీసీఆర్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మన ఊళ్ళల్లో పశువుల చెవుల్లో, కుక్కల మెడ దగ్గర పట్టుకుని రక్తం తాగే పిడుదులు తెలుసు కదా? కొన్నిచోట్ల గోమార్లు అంటారు. ఇవాళ్టి ముచ్చట అమెరికా అడవుల్లో ఉండే పిడుదుల గురించి. న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్ వైపు చదువుకుంటూ వీకెండ్ హైకింగ్‌కి వెళ్ళే మనవాళ్ళు బోలెడుమంది. వాళ్ళు ఇది కచ్చితంగా వినాలి.

అక్కడ లైమ్ అనే జబ్బు ఉంది. 1975 ప్రాంతంలో కనెక్టికట్‌లోని లైమ్ ఊరి చుట్టుపక్కల చాలామంది పిల్లలకి కీళ్ళు వాచాయి. ఆ పేరు అలా వచ్చింది. కారణం మాత్రం 1981 దాకా తెలియలేదు. విలీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త న్యూయార్క్ రాష్ట్రంలోని షెల్టర్ ఐలాండ్ పిడుదులను కోసి మైక్రోస్కోప్‌లో చూస్తే, పేగుల్లో మెలికలు తిరిగిన బ్యాక్టీరియా కనిపించింది. దానికి ఆయన పేరే పెట్టారు: బొరేలియా బర్గ్‌డోర్ఫెరి.

మరి వేల పిడుదుల్ని ఇలా కోసి చూడటం అయ్యే పనేనా? అందుకే పీసీఆర్. కోవిడ్ టైమ్‌లో ముక్కులో పుల్ల పెట్టి చేశారే, ఆ టెస్టుకి ఇది అన్న లాంటిది. ముందు తెల్లటి గుడ్డని గడ్డి మీద ఈడ్చుకుంటూ వెళ్తారు. ఏదో జంతువు వచ్చిందనుకుని పిడుదులు దాన్ని పట్టేసుకుంటాయి. పిల్ల పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది కాబట్టి తెల్ల గుడ్డ మీదైతేనే కనిపిస్తుంది.

ల్యాబ్‌లో వాటిని కడిగి, నలిపి, డీఎన్ఏ తీస్తారు. అందులో దాదాపు అంతా పిడుదు డీఎన్ఏనే. బ్యాక్టీరియాది ఏ మూలో కాస్త ఉంటుంది. బొరేలియా జన్యువుకే అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు వేస్తారు, వాటిని ప్రైమర్లు అంటారు. అవి అతుక్కుంటే ఆ భాగం ఒకటి రెండు, రెండు నాలుగు అవుతూ, లెక్క ప్రకారం 30 రౌండ్లకి వంద కోట్ల కాపీలు దాటుతుంది. పక్కన ఉత్త నీళ్ళ ట్యూబు కూడా పెడతారు. అందులోనూ పాజిటివ్ వచ్చిందా, ఆ బ్యాచ్‌ని నమ్మరు.

నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. 1990లో మ్యూజియంలో దాచిన 136 పాత పిడుదుల మీద ఇదే టెస్టు చేశారు. 1940లలో లాంగ్ ఐలాండ్‌లో పట్టిన 13 పిడుదుల్లో బొరేలియా డీఎన్ఏ దొరికింది. జబ్బుకి పేరు పెట్టడానికి ముప్పై ఏళ్ళ ముందే అది అక్కడ ఉందన్నమాట!

ఇక అసలు పాయింట్. కాలికి పట్టిన పిడుదుని పీకి, డబ్బు కట్టి ల్యాబ్‌కి పంపేవాళ్ళున్నారు. పాజిటివ్ వస్తే భయం, నెగెటివ్ వస్తే ధీమా. రెండూ తొందరపాటే. పిడుదులో బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన మీకు ఎక్కినట్టు కాదు. సాధారణంగా అది 24 గంటలకు పైగా పట్టుకుని ఉంటేనే ఎక్కుతుంది. పైగా పీసీఆర్‌కి చచ్చిన బ్యాక్టీరియా, బతికిన బ్యాక్టీరియా ఒకటే. నెగెటివ్ వచ్చినా, మీరు చూసుకోని ఇంకో పిడుదు కుట్టి ఉండొచ్చు. అందుకే అమెరికా సీడీసీ కూడా, పిడుదు రిపోర్టు చూసి వైద్యం నిర్ణయించొద్దంటుంది. ఏ అడవిలో ప్రమాదం పెరుగుతోందో తెలుసుకోవడానికైతే ఈ టెస్టు బంగారం.

కాబట్టి పిడుదు కనిపిస్తే సన్న మొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగండి. తేదీ ఫోన్‌లో రాసుకోండి. 72 గంటల్లోపు డాక్టర్‌ని అడిగితే, అవసరమనుకుంటే ఒక్క డోసు మందు ఇస్తారు. నెల లోపు జ్వరం గానీ, రోజురోజుకీ పెద్దదయ్యే ఎర్రమచ్చ గానీ వస్తే, ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా వెళ్ళిపోండి.