బ్రోషర్ అంకెలు, నాగల్‌గిద్ద బాటలు

మారుతి డిజైర్, టాటా నెక్సాన్, మహీంద్రా బొలెరో. ఒకటి సెడాన్, ఇంకొకటి ఎస్‌యూవీ, మూడోది పల్లెల్లో పాత కాపు. రూపంలో పోలికే లేని ఈ మూడింటి పొడవు మాత్రం ఒక్కటే: 3995 మిల్లీమీటర్లు. దీని వెనక ఉన్నది పన్ను లెక్క. పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీకి, డీజిల్ ఇంజిన్ 1500 సీసీకి మించకుండా ఉంటే అది చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కారుపై జీఎస్టీ 18 శాతం, హద్దు దాటితే 40 శాతం. పన్నుకు ముందు ధర 6 లక్షలు అనుకుంటే తేడా 1 లక్షా 32 వేలు. అందుకే బ్రోషర్లలో 1197, 1199, 1493, 1497 సీసీలు అన్నిసార్లు కనిపిస్తాయి.

బ్రోషర్‌లో అచ్చయ్యే అంకెలు అబద్ధాలు కావు. కానీ ప్రతి అంకెకూ ఒక షరతు ఉంటుంది: ఇంత వేగంలో, ఇంత బరువు మీద, ఇలాంటి పరీక్షలో అని. ఆ షరతు మన దారికి సరిపోతుందో లేదో చూసుకోవడమే కొనేవాడి పని. సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని 2016లో మండలమైన నాగల్‌గిద్ద దీనికి మంచి పరీక్ష. ఇక్కడి బండి ఒక్క రోజులోనే 161వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి, బ్రేకర్లున్న ఊరి రోడ్డు దాటాలి, నల్లరేగడి బాటలో చేను దాకా పోవాలి.

ఏ ఆర్‌పీఎం దగ్గర?

మొదట అందరూ చూసేది పవర్. 2024లో వచ్చిన స్విఫ్ట్ పెట్రోల్ ఇంజిన్ పవర్ దాదాపు 82 పీఎస్, బొలెరో డీజిల్‌ది 76. స్విఫ్టే బలమైనదని అనిపిస్తుంది. పక్కనే ఉన్న టార్క్ గడి చూస్తే కథ మారుతుంది. స్విఫ్ట్‌కు 111.7 న్యూటన్ మీటర్లు, అదీ 4300 ఆర్‌పీఎం దగ్గర. బొలెరోకు 210, అదీ 1600 నుంచి 2200 మధ్యలోనే.

టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7023తో భాగిస్తే ఆ వేగంలో ఇంజిన్ ఇచ్చే పీఎస్ తేలుతుంది. 1600 దగ్గర బొలెరో ఇచ్చేది దాదాపు 48. అదే 1600 దగ్గర స్విఫ్ట్ తన గరిష్ఠ టార్క్ మొత్తం ఇచ్చిందనుకున్నా 25 చిల్లర దాటదు. బురదలో ఇంజిన్‌ను గీపెట్టించకుండా మెల్లగా లాగించడానికి కావలసింది ఈ కింది ఆర్‌పీఎం బలమే.

అలాగని బొలెరోయే మేలని కాదు. అది టన్నున్నర పైచిలుకు బరువు, స్విఫ్ట్ సుమారు 920 కిలోలు. జాతీయ రహదారి మీద లారీని దాటాలంటే తేలిక బండికే పికప్ ఎక్కువ. నెలకు నాలుగుసార్లు హైదరాబాద్ పోయేవారి లెక్క వేరు, రోజూ చేనుకు పోయేవారి లెక్క వేరు.

ఖాళీ బండికా, నిండు బండికా?

గ్రౌండ్ క్లియరెన్స్ స్విఫ్ట్‌కు 163 మిల్లీమీటర్లు, బొలెరోకు 180, నెక్సాన్‌కు 208. ఈ అంకె ఖాళీ బండిదా, బరువుతో ఉన్నదా అని అడగాలి. ఎస్‌యూవీ పన్నుకు పెట్టుకున్న 170 మిల్లీమీటర్ల హద్దును ఖాళీ బండికే కొలవాలని 2023 జులైలో జీఎస్టీ మండలి తేల్చాల్సి వచ్చిందంటే ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండి బండి 40 మిల్లీమీటర్లు దిగిందనుకోండి. 163లో మిగిలేది 123.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. స్విఫ్ట్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లే కాబట్టి అలాంటి బ్రేకర్ మీదికి నాలుగు చక్రాలూ ఎక్కుతాయి, కింద ఏమీ తగలదు. ఊరివాళ్లు సిమెంటుతో పోసుకున్న సన్నటి గట్టు అలా కాదు. అది రెండు చక్రాల మధ్య బండి పొట్ట కిందికి వస్తుంది. దాని ఎత్తు 130 ఉందంటే చాంబర్ తగిలినట్టే.

టైరు మీది రాత

స్విఫ్ట్ కింది వేరియంట్లకు 165/80 ఆర్14 టైర్లు, పై వేరియంట్లకు 185/65 ఆర్15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ సైజు, అంగుళాల్లో. 165లో 80 శాతం 132 మిల్లీమీటర్లు. 185లో 65 శాతం 120. చక్రం మొత్తం ఎత్తు రెండింటికీ దాదాపు 620, కాబట్టి పెద్ద రిమ్ వల్ల బండి పైకి లేవదు. గుంతకూ రిమ్‌కూ మధ్య ఉండే రబ్బరు మాత్రం 12 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అలాయ్ వీల్స్ కోసం డబ్బు ఎక్కువ పెట్టే ముందు ఈ లెక్క చూడాలి.

సెకండ్ హ్యాండ్ బండి అయితే టైరు పక్కన నాలుగంకెల గుర్తు కూడా చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల కనిపించకపోయినా ఆ రబ్బరు వయసు దాచలేరు.

లీటర్లా, కిలోలా?

స్విఫ్ట్ డిక్కీ 265 లీటర్లు. రెండు బస్తాలు పడతాయని సంబరపడే ముందు బరువు గడి చూడాలి. బండి సొంత బరువు సుమారు 920 కిలోలు, నిండు బరువు హద్దు సుమారు 1355. మధ్యలో మిగిలేవి 435. మనిషికి 70 చొప్పున ఐదుగురికి 350 పోతే సామానుకు మిగిలేది 85. యాభై కిలోల కందుల బస్తాలు రెండు వేస్తే హద్దు దాటినట్టే. చోటు ఉంది, బలం లేదు.

మైలేజీ ఎవరిది?

స్విఫ్ట్‌కు చెప్పే 24.8 కిలోమీటర్లు పరీక్షశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, 90 కిలోమీటర్ల వేగం దాటకుండా కొలిచినది. బండికీ బండికీ పోల్చడానికి అది పనికొస్తుంది, నెల ఖర్చు లెక్కకు పనికిరాదు. మన దారిలో 18 వచ్చిందనుకుందాం. ఏడాదికి 12 వేల కిలోమీటర్లకు 484 లీటర్లు కావలసిన చోట 667 తాగుతుంది. లీటరు 107 రూపాయలు అనుకుంటే తేడా దాదాపు 19,500.

మీ బండి అసలు మైలేజీ తెలియాలంటే ట్యాంకు ఫుల్ చేయించి, మీటర్ రీడింగ్ రాసుకుని, నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక అదే పంపులో మళ్లీ ఫుల్ చేయించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పోసిన లీటర్లతో భాగిస్తే చాలు.

ఇప్పుడు పంపుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత ఇంధనానికి తయారై 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లకు దీనివల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి కొంటుంటే యజమాని మాన్యువల్‌లో ఏ మిశ్రమం దాకా పరవాలేదన్నారో చూసుకోవాలి.

సరిహద్దు వాళ్లకు ఇంకొక అంకె: 12 నెలలు. బీదర్‌లో చవకగా దొరికిందని కేఏ 38 బండి తెచ్చుకుంటే, అంతకు మించి ఇక్కడ ఉంచుకోవడానికి తెలంగాణ రిజిస్ట్రేషన్ తప్పదు. అక్కడి నిరభ్యంతర పత్రం, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలుపుకుని చూశాకే అది చవకో కాదో తేలేది.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే పోకండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, సన్నటి బ్రేకర్ ఉన్న దారిలోనే తిప్పండి. షోరూం వాళ్లు మంచి రోడ్డు వైపు తిప్పబోతే ‘మా ఊరికి ఇలా పోం’ అని చెప్పండి.